కుడి ముందు టైరు ఒక్కటే ఎందుకు ఉబ్బింది: మే ఎండలో ఒక స్విఫ్ట్ కేసు

బండి పెట్రోల్ స్విఫ్ట్. 15 అంగుళాల చక్రాలు, షోరూమ్ సస్పెన్షన్, మామూలు రోడ్డు టైర్లు. నడిపేది హన్మకొండ కుర్రాడు. వారమంతా ఇదే బండిలో ఆఫీసుకు పోతాడు, ఆదివారం హెల్మెట్ పెట్టుకుని ఇదే బండి ఎక్కుతాడు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు చూసొచ్చినప్పటి నుంచి పట్టుకున్న పిచ్చి ఇది. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద ట్రాక్ డేకు, అంటే సొంత బండిని రేసు ట్రాక్ మీద నడిపే రోజుకు, పోవాలని తయారీలో ఉన్నాడు. నాది వీల్ అలైన్‌మెంట్ పని. దాంతోపాటు ఇలాంటి కుర్రాళ్ల బండ్లకు సెటప్ చూసిపెడుతుంటాను.

అతను తెచ్చిన ఫిర్యాదు అతని మాటల్లోనే: "అన్నా, కుడికి మంచిగనే మల్లుతాంది. ఎడమకు మలిపితే మాత్రం ముందుకే పోతాంది. మొదటి రెండు రౌండ్లు బాగనే ఉంటది, తర్వాతనే లొల్లి."

నా దగ్గరికి వచ్చేలోపే వేరేచోట అలైన్‌మెంట్ చేయించాడు, నైట్రోజన్ పట్టించాడు. ఇంకో స్నేహితుడు స్ప్రింగులు మార్చమన్నాడట, నయం, దానికి డబ్బులు లేవు. స్టీరింగ్ జాయింట్లు, లోయర్ ఆర్ముల బుష్‌లు, బ్రేకులు, చక్రాల బేరింగులు లిఫ్టు మీద చూశాను. ఆడేది, పట్టేసేది ఏదీ లేదు. టో, అంటే పైనుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం, ఆ అంకెలూ హద్దులోనే ఉన్నాయి. చల్లగా ఉన్నప్పుడు లేని రోగం వేడెక్కాక వస్తోందంటే, అదీ ఒకవైపు మలుపులోనే వస్తోందంటే, వెతకాల్సింది టైర్లలో.

పరీక్షకు స్థలం పరకాల రోడ్డు మీద ఒక జిన్నింగ్ మిల్లు. అతని మేనమామది. సీజన్‌లో ఆ యార్డులో పత్తి కుప్పల మధ్య కాలు పెట్టే చోటుండదు. మే నెలలో మాత్రం నాలుగు దిక్కులా ఖాళీ కాంక్రీటు. కోన్లు పెట్టి 8 అంకె ఆకారంలో కోర్సు గీశాం, గోడలకు దూరంగా. అలా గీస్తే కుడి మలుపులు, ఎడమ మలుపులు సమానం కాబట్టి రెండు ముందు టైర్లకూ పని సమానం. ఒకదానికొకటి పోల్చి చూడొచ్చు. మంటలార్పే సిలిండర్ ఒకటి పక్కన పెట్టుకున్నాం. రింగు రోడ్డు మీద తెల్లవారుజామున ఇలాంటి ప్రయోగాలు చేసేవాళ్లున్నారు, వాళ్ల బండ్లు నేను ముట్టుకోను.

చేతిలో ఉన్న సామాను: ఒక మంచి డయల్ గేజ్, సూది థర్మామీటర్, ఇన్‌ఫ్రారెడ్ గన్, సుద్దముక్క, నోట్‌బుక్. గేజ్ ఒక్కటే ఉండాలి, ఎప్పుడూ అదే ఉండాలి. బంకులో మెషీన్ 32 చూపించిన టైరుకు ఇంకో గేజ్ 30 చూపించడం నేను రోజూ చూసేదే. ఏది నిజమన్న గొడవ మనకెందుకు, తేడాలన్నీ ఒకే గేజ్‌తో కొలిస్తే చాలు. గన్ చూపించేది రబ్బరు పైపొర వేడి. బండి ఆగిన అర నిమిషంలో ఆ పొర చల్లారిపోతుంది, ఎండ తగిలితే మళ్లీ కాలుతుంది. సూదిని రబ్బరులోకి రెండు మూడు మిల్లీమీటర్లు గుచ్చితే లోపలి వేడి తెలుస్తుంది. గన్‌ను నేను టైర్ల పక్క గోడలకు (సైడ్‌వాల్), నేలకు వాడతాను. ట్రెడ్, అంటే నేలను తాకే భాగం, మాత్రం సూదితోనే, లోపలి అంచు, నడుమ, బయటి అంచు, మూడుచోట్లా.

మొదటి రోజు నేను వెళ్లేసరికి బండి రెండు గంటలుగా యార్డులో నిలబడి ఉంది. ముందుభాగం దక్షిణానికి. అంటే ఎడమవైపు చక్రాలు రెండూ తూర్పు ఎండలో, కుడివైపువి బండి నీడలో. అతను అప్పుడే చిన్న 12 వోల్టుల పంపుతో నాలుగింటికీ 32 పీఎస్ఐ పెట్టి, సమానంగా ఉన్నాయని ఖుషీగా ఉన్నాడు. నేను దేన్నీ కదపలేదు. గన్ పెట్టి చూస్తే ఎడమ టైర్ల పక్క గోడలు 47, కుడివి 33 డిగ్రీలు. ఇది రాసుకుని, అలాగే నడపమన్నాను.

లొల్లి మొదలయ్యేదాకా తిప్పి నేరుగా నా ముందుకొచ్చి ఆపాడు. హ్యాండ్ బ్రేక్ వేయొద్దని ముందే చెప్పాను, కాలుతున్న డ్రమ్ములకు లైనింగ్ అతుక్కుంటుంది. ముందు వేడి కొలవాలి, తర్వాతే ప్రెజర్. వేడి త్వరగా పోతుంది, గాలి ఒత్తిడి కొంతసేపు ఆగుతుంది.

కుడి ముందు టైరు లోపలి అంచు 76, నడుమ 92, బయట 88 డిగ్రీలు. ప్రెజర్ 41. ఎడమ ముందుది లోపల 78, నడుమ 83, బయట 89. ప్రెజర్ 36.5. వెనక కుడి 35.5, వెనక ఎడమ 33.5.

కుడి ముందు టైరు నడుమ భాగం రెండు అంచుల కన్నా వేడిగా ఉందంటే గాలి ఎక్కువై టైరు ఉబ్బి, నట్టనడుమ మీదే నడుస్తోందని అర్థం. ఎడమకు మలిపినప్పుడు బరువంతా పడేది కుడి ముందు టైరు మీదే. అది ఉబ్బి ఉంటే నేలను పట్టుకునే రబ్బరు తగ్గుతుంది, బండి ముందుకే పోతుంది. రోగం ఎక్కడుందో ఇక్కడికి తేలిపోయింది. 32 పెట్టిన టైరు 41కి ఎందుకు ఎక్కిందన్నదే అసలు చిక్కు.

ఇక్కడ కొంచెం లెక్క అవసరం. మూసిన టైరులో గాలి వేడెక్కితే ఒత్తిడి ఎంత పెరుగుతుందన్నది పరమ ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. అంటే డిగ్రీలకు 273 కలపాలి, గేజ్ అంకెకు బయటి గాలి ఒత్తిడి కలపాలి. వరంగల్ ఎత్తుకు ఆ బయటి ఒత్తిడి సుమారు 14.2 పీఎస్ఐ. కాబట్టి గేజ్ 32 అంటే నిజంగా 46.2. ముప్పై ప్రాంతపు ప్రెజర్లలో, మన ఎండల్లో, ప్రతి 10 డిగ్రీలకు ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుందని గుర్తుపెట్టుకుంటే చేతిలెక్కకు సరిపోతుంది.

ఎడమ టైర్ల పక్క గోడ 47 ఉందంటే లోపలి గాలి ఓ 44 ఉంటుందనుకుందాం. కుడివైపు 33. ఎడమవాటిని కూడా నీడలోకి తెచ్చి 33కి చల్లారిస్తే అవి 32 చూపించవు. లెక్క ఇదీ: 46.2ను 317తో భాగించి 306తో హెచ్చిస్తే 44.6, అందులోంచి 14.2 తీసేస్తే 30.4. తేడా ఒకటిన్నర పీఎస్ఐ చిల్లర.  అంటే "నాలుగింటికీ సమానం" అనుకున్న గాలి నిజానికి కుడివైపు ఎక్కువ, ఎడమవైపు తక్కువ. బండి పరుగెత్తి రెండువైపులా ఒకే వేడికి వచ్చాక ఆ తేడా బయటపడుతుంది. వెనక చక్రాలు చూడండి: 35.5, 33.5. రెండు తేడా. ఎండ లెక్కకు దగ్గరగా సరిపోయింది.

ముందు ఇరుసులో మాత్రం తేడా నాలుగున్నర. అందులో రెండు ఎండది. మిగతా రెండున్నర ఎక్కడిది? కుడి టైరు ఎక్కువ కాలింది కాబట్టి అనడానికి లేదు. మూడుచోట్ల వేడి సగటు తీస్తే కుడిది 85, ఎడమది 83. రెండు డిగ్రీలకు పావు పీఎస్ఐ, మహా అయితే కాస్త ఎక్కువ. బ్రేకు పట్టేసి రిమ్ము కాలుతోందా అని రెండు రిమ్ములకూ గన్ పెట్టాను, దాదాపు సమానం.

అనుమానం వచ్చింది కానీ ఎండ లెక్కను పక్కకు తప్పించనిదే టైరు విప్పడం నాకిష్టం లేదు. బండిని మిల్లు షెడ్డు కింద రాత్రంతా ఉంచాం. తెల్లవారాక, ఎండ తగలకముందే, నాలుగు టైర్లూ 29 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు 30 పీఎస్ఐ పెట్టి అదే కోర్సు తిప్పించాను. వెనక టైర్లు రెండూ 33.5. ఎండ తేడా మాయం. ముందు ఎడమ 36. ముందు కుడి 38.5. ఆ రెండున్నర మొండిగా అక్కడే ఉంది.

"తమ్మీ, దీంట్ల పంచర్ జెల్ ఏమన్న పోయించినవా?" అని అడిగాను.

"లేదన్నా. పోయిన వానాకాలం ఒక్కసారి పంచర్ అయింది గంతే. దారిల ఉన్న షాపుల ఏయించిన."

షాపుకు తెచ్చి కుడి ముందు టైరును రిమ్ము మీంచి దించాం. లోపల అడుగున తడి. తెల్లగుడ్డతో తుడిస్తే గుడ్డ మీద తుప్పురంగు మరక. నీళ్లు పట్టుకుంటే ఓ చిన్న చెంచాడు ఉంటాయేమో, అంతే.

ఆ నీళ్లు ఎలా వచ్చాయో పంచర్ షాపుల్లో పని చేసిన ఎవరినడిగినా చెబుతారు. కంప్రెసర్ వానాకాలపు తేమగాలిని పీల్చి నొక్కుతుంది, ట్యాంకులో ఆ తేమ నీరై అడుగున చేరుతుంది. ట్యాంకు కింద ఒక చిన్న కుళాయి ఉంటుంది, రోజూ తిప్పి ఆ నీళ్లు వదలాలి. వదలకపోతే గాలితోపాటు తుప్పునీళ్లు కూడా పైపులో కొట్టుకొస్తాయి. టైరు ఎక్కించేటప్పుడు పూసే సబ్బునీళ్లు చెమ్మగా మిగిలిపోవడం ఇంకో దారి. మరకను బట్టి ఇక్కడ మాత్రం ట్యాంకు నీళ్లే.

చెంచాడు నీళ్లతో ఏమవుతుందనిపిస్తుంది. నీళ్లు నీళ్లుగా ఉన్నంతసేపు ఏమీ కాదు. నీటి ఆవిరి ఒత్తిడి మాత్రం వేడితో గాలిలా మెల్లగా పెరగదు, ఎగబాకుతుంది. 33 డిగ్రీల దగ్గర అది ముప్పావు పీఎస్ఐ కూడా ఉండదు. 75 దగ్గర, నీళ్లు మిగిలి ఉంటే, అయిదున్నర దాటుతుంది. ఈ సైజు టైరులో పట్టే గాలి ఓ 30 లీటర్లు, దాన్ని ఆ వేడిలో ఆవిరితో పూర్తిగా నింపడానికి 7 గ్రాములు కావాలి. ఇందులో అంత లేదు కాబట్టి ఉన్నదంతా ఆవిరై రెండున్నర దగ్గర ఆగింది. ఇంకాస్త ఉంటే గేజ్ 43 చూపించేది. ఆఫీసుకు పోయి రావడంలో టైరు ఇంత కాలదు, అందుకే ఇన్ని నెలలు ఎవరికీ తెలియలేదు.

నైట్రోజన్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, రోజూ ఎవరో ఒకరు అడుగుతారు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. వేడికి రెండూ ఒకేలా ఉబ్బుతాయి. సిలిండర్ నైట్రోజన్‌తో వచ్చే అసలు లాభం అది పొడిగా ఉండటం. ఈ కుర్రాడు ఉన్న గాలి మీదే నైట్రోజన్ పట్టించాడు, లోపలి నీళ్లు లోపలే ఉన్నాయి, లాభం సున్నా. కంప్రెసర్‌కు తేమ పట్టే ఫిల్టర్ పెట్టుకుని, ట్యాంకు రోజూ వదిలేవాడి దగ్గర ఉచితంగా కొట్టించుకున్న గాలి చాలు.

నాలుగు టైర్లూ దించి, తుడిచి, ఆరబెట్టి, వాల్వులు కొత్తవి వేసి, పొడిగాలి పట్టాం. మిగతా మూడింట్లో చెమ్మ లేదు.

ఇప్పుడు అసలు పని: ఎంత పెట్టాలి? చాలామంది చల్లటి ప్రెజర్ ఎంత అని అడుగుతారు. నేను వేడి ప్రెజర్ నుంచి వెనక్కి వస్తాను. బండి మలుపులో ఉన్నప్పుడు టైరులో ఎంత ఉందన్నదే దానికి తెలుసు, పొద్దున బంకులో ఎంత పెట్టామో దానికి తెలియదు. పైగా వరంగల్‌లో "చల్లటి" అనే మాటకు జనవరి తెల్లవారుజామున ఒక అర్థం, మే పదింటికి ఇంకో అర్థం. నా నోట్‌బుక్‌లో ప్రెజర్ అంకె పక్కన టైరు వేడి రాయని వరుస ఉంటే ఆ వరుసను కొట్టేస్తాను.

ముందు టైర్లకు వేడిగా 36తో మొదలుపెట్టి కొంచెం కొంచెం దించుకుంటూ వచ్చాం. ప్రతిసారీ టైరు భుజం మీద, ట్రెడ్ నుంచి పక్క గోడ మీదికి, సుద్దతో అడ్డంగా గీత గీసేవాణ్ణి. చాలా టైర్ల పక్క గోడ మీద, భుజానికి దగ్గర్లో, చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. అరుగుదల పట్టీ ఎక్కడుందో చూపడానికి పెట్టింది అది, మాకు మాత్రం సరిహద్దు రాయిలా పనికొస్తుంది. మలుపులు తిరిగొచ్చాక సుద్ద ఆ త్రిభుజం కొన దాకా చెరిగితే టైరు తన వెడల్పంతా వాడుకున్నట్టు. త్రిభుజం దాటి గోడ మీదికి చెరిగితే గాలి చాలక టైరు మడతపడుతున్నట్టు. 36 దగ్గర సుద్ద త్రిభుజానికి వేలెడు దూరంలోనే నిలిచిపోయింది. 34 దగ్గర కొనను తాకింది. 32 దగ్గర దాటిపోయింది, స్టీరింగ్ తిప్పాక బండి ఒక క్షణం ఆలస్యంగా కదులుతోందని అతనూ అన్నాడు. 34 ఖాయం చేశాం. వెనక టైర్లు ముందువాటంత వేడెక్కవు, బండి తోక కొంచెం తేలిగ్గా తిరగాలి కూడా, అందుకని వెనక 35.

వెనక్కి లెక్కేస్తే 33 డిగ్రీల నీడలో ముందు 28, వెనక 31.5 పెట్టాలి. ముందు 28తో మొదటి రౌండు మెత్తగా ఉంటుంది, ఆ రౌండులో ఊపిరి బిగబట్టి నడపొద్దని చెప్పాను. టైరు కాలే దాకా ఆగడం కూడా డ్రైవింగే.

ఈ సెట్టింగ్‌తో కుడి ముందు టైరు 78, 83, 89. ఎడమది ఒకటి అటూ ఇటూగా అదే. నడుమ భాగం ఇప్పుడు అంచుల మధ్యలోకి వచ్చింది. ఎడమ మలుపు ఫిర్యాదు పోయింది, చివరి రౌండు రెండో రౌండులాగే ఉంటోంది. బయటి అంచు మాత్రం లోపలికన్నా 11 డిగ్రీలు ఎక్కువ. ఇది గాలితో తీరేది కాదు, క్యాంబర్‌ది, అంటే ముందు నుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో వాలి ఉండే కోణానిది. షోరూమ్ నుంచి వచ్చినట్టే అర డిగ్రీ నెగెటివ్, అంటే పైభాగం లోపలికి వాలి, ఉంది. స్ట్రట్‌ను (ముందు షాక్ అబ్జార్బర్‌ను) చక్రం వైపు బిగించే బోల్టు స్థానంలో క్యాంబర్ బోల్టు వేసి ఒకటిన్నరకు తెచ్చాను. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది, టో మళ్లీ సున్నాకు సరిచేయాలి. ఆ తర్వాత 81, 83, 86. ఇంకా లాగొచ్చు, కానీ ఇదే బండి సోమవారం ఆఫీసుకు పోవాలి. లోపలి అంచులు అరిగిపోయి ఏడాదిలో టైర్లు కొనాల్సొస్తే తిట్లు నాకే.

మే ఎండలో ఇంకో బాధ, రౌండుకీ రౌండుకీ మధ్య టైరు చల్లారదు. కాలే కాంక్రీటు మీద నిలబడితే కింద నుంచి ఇంకా కాలుతుంది. మామూలు రోడ్డు టైర్లు 90 దాటి వంద వైపు పోతే రబ్బరు జిడ్డుగా మారి జారడం మొదలవుతుంది. చేలో మందు కొట్టే చేతిపంపు స్ప్రేయర్ కొత్తది ఒకటి కొని, నీళ్లు నింపి, బండి ఆగగానే ట్రెడ్ మీద సన్నగా కొట్టి, రెండు మీటర్లు ముందుకు నెట్టి తడి లేని చోట ఆపేవాళ్లం. పాతది వాడొద్దు, అందులో మిగిలిన మందు చేతులకు మంచిది కాదు. ప్రెజర్ చూడటం నీళ్లు కొట్టకముందే.

చెన్నై కోసం రాసిచ్చిన కాగితం వేరు. అక్కడ ల్యాపు 3.717 కిలోమీటర్లు, మిల్లు యార్డు లాగా నిమిషంలో అయిపోయేది కాదు. పొడవాటి స్ట్రెయిట్ చివర బ్రేకులు కాలతాయి, ఆ వేడి రిమ్ము గుండా టైరులోని గాలికి చేరుతుంది. అందుకని మొదలు ఇంకో ఒకటి తక్కువ, అంటే ముందు 27, అదీ నీడలో టైరు వేడి కొలిచాకే. మూడు ల్యాపుల తర్వాత లోపలికి వచ్చి, వేడి చూసి, 34 దాటినంత మేరకే గాలి తీయాలి. ఎక్కువ మలుపులు ఒకేవైపు ఉండే ట్రాకులో కుడి ఎడమలకు వేర్వేరు చల్లటి అంకెలు వస్తాయి, అందుకు భయపడక్కర్లేదు, వేడిగా ఉన్నప్పుడు సమానమైతే చాలు. సముద్రమట్టానికి దిగినందుకు గేజ్ ఇక్కడికన్నా అర పీఎస్ఐ తక్కువ చూపుతుంది, దాన్ని పట్టించుకోవద్దు.

ఎర్రసిరాతో రాసింది ఒకటే. అతను బండిని ట్రెయిలర్ మీద కాదు, ఖమ్మం, విజయవాడ, నెల్లూరు మీదుగా నడుపుకుంటూ పోతాడు. ట్రాక్ మీద వేడిగా 34కు దించిన టైరు రాత్రికి 27, 28కి పడిపోతుంది. ఆ గాలితో నలుగురు మనుషులు, సామాన్లు వేసుకుని హైవే మీద వంద వేగంతో పోతే పక్క గోడ మడతపడి మడతపడి కాలిపోతుంది, టైరు పేలేది అలాగే. కాబట్టి ట్రాక్ గేటు దాటకముందే టైర్లను చల్లారనిచ్చి డ్రైవర్ తలుపు పక్క స్టిక్కర్ మీద కంపెనీ ఇచ్చిన అంకెకు గాలి పట్టించాలి, మర్నాడు పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకోసారి చూసుకోవాలి. పంపు డిక్కీలో పెట్టించాను.

వెనక టైర్లు ఇంకా 60 దాటడం లేదు. వెనక టో కొంచెం మార్చాలా, లేక చెన్నై వేగాలకు అవే వేడెక్కుతాయా అన్నది అక్కడి నోట్‌బుక్ వచ్చాక చూడాలి.